వేసవి శిబిరాల్లో చోటులేని పిల్లలు

ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి ఊళ్లో గోడల మీదా, ఫోన్లలో వాట్సాప్ గ్రూపుల్లోనూ వేసవి శిబిరాల ప్రకటనలు మొదలవుతాయి. ఈత, కరాటే, చదరంగం, స్కేటింగ్, చిత్రలేఖనం, కూచిపూడి, స్పోకెన్ ఇంగ్లిష్, ఈమధ్య కొత్తగా రోబోటిక్స్. ఏ వయసు పిల్లలు రావాలి, రుసుము ఎంత, ఎన్ని గంటలకు మొదలు అన్నీ వాటిలో ఉంటాయి. ఎన్ని మెట్లు ఎక్కాలి, మరుగుదొడ్డి ఎంత దూరం, నీడ ఎక్కడుంది, చక్రాల కుర్చీ లోపలికి పడుతుందా, చెవులు వినపడని పిల్లవాడికి ఆట ఎవరు చెబుతారు అనేవి మాత్రం ఉండవు. ఆ రెండో రకం సమాచారం కోసమే వెతుక్కునే ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అది కనపడకపోయేసరికి వాళ్లు ప్రకటనను పక్కన పెట్టేస్తారు. నిర్వాహకులను అడిగితే 'మా దగ్గరకు అలాంటి పిల్లలెవరూ రాలేదండీ' అంటారు. రాకపోవడం నిజమే. ఎందుకు రాలేదో అడిగినవారే లేరు.

2025లో తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వేసవి సెలవులు ఏప్రిల్ 24న మొదలై జూన్ 11 దాకా నడిచాయి. అంటే 49 రోజులు. అమ్మమ్మగారి ఊరు, మామిడితోట, చెరువుగట్టు ఉన్న పిల్లలకు అవి ఏ మూలకూ చాలవు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పదేళ్ల పిల్లకు మాత్రం అవన్నీ ఒకే గదిలో గడవాల్సిన రోజులు. బడి ఉన్నన్నాళ్లూ ఆ పిల్లకు పొద్దున్నే తలదువ్వి తయారుచేస్తారు. తోటి పిల్లలు పలకరిస్తారు. మధ్యాహ్న భోజనం నలుగురితో కలిసి తింటుంది. మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ చేయించుకుంటుంది. సెలవులివ్వగానే ఆ దినచర్య తెగిపోతుంది. కదలిక తగ్గితే కండరాలు బిగుసుకుంటాయి. మార్చిలో గోడ పట్టుకుని నాలుగడుగులు వేసిన పిల్లకు జూన్‌లో ఆ నాలుగడుగులూ కష్టం కావచ్చు. ఆటిజం ఉన్న పిల్లవాడికి రోజూ ఒకే వేళకు ఒకే పని జరగడం పెద్ద ధైర్యం. అది పోతే వాడు తల్లడిల్లుతాడు, ఇల్లంతా తల్లడిల్లుతుంది. వేసవి శిబిరం అవసరం ఎవరికి ఎక్కువ అంటే ముందు ఈ పిల్లలకే అని చెప్పాలి. ఇప్పుడున్న శిబిరాల్లో అందరికంటే వెనక ఉన్నది వీళ్లే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. ఆటిజం, చదవడం రాయడంలో ఇబ్బంది కలిగించే అభ్యసన వైకల్యం, తలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ కూడా అందులో చేరాయి. వీటిలో చాలావరకు చూడగానే తెలిసేవి కావు. అందుకే సౌకర్యమంటే చక్రాల కుర్చీ, ర్యాంపు అని మాత్రమే అనుకుంటే సగానికి పైగా సమస్య కంటికి ఆనదు.

చట్టంలో లోటేమీ లేదు. ప్రభుత్వ నిధులతో నడిచే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు వికలాంగ విద్యార్థులకు చదువుతోపాటు ఆటల్లోనూ వినోదంలోనూ ఇతరులతో సమానంగా అవకాశం ఇచ్చేలా, భవనాలూ ఆవరణా వారికి అందుబాటులో ఉండేలా ప్రభుత్వాలు చూడాలని 2016 చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. 30వ సెక్షన్ నేరుగా క్రీడల గురించే. క్రీడా సంస్థలు తమ కార్యక్రమాల్లో వికలాంగులకు చోటు కల్పించాలి, శిక్షణను వారికి తగ్గట్టు మార్చాలి, సదుపాయాలను తిరిగి తీర్చిదిద్దాలి. ఒక పిల్లవాడికి అవసరమైన చిన్న మార్పు చేయడానికి నిరాకరించినా అది వివక్షేనని అదే చట్టం నిర్వచించింది. సేవలందించే ప్రైవేటు సంస్థలకూ అందుబాటు నియమాలు వర్తిస్తాయి. నిబంధనలు 2017 జూన్‌లో నోటిఫై అయ్యాయి. సేవా సంస్థలకు రెండేళ్లు, అప్పటికే ఉన్న ప్రజా భవనాలను సరిచేయడానికి అయిదేళ్లు గడువు ఇచ్చారు. ఆ రెండో గడువు కూడా 2022లోనే ముగిసింది. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా పదివేల రూపాయల వరకు, మళ్లీ ఉల్లంఘిస్తే యాభై వేల నుంచి అయిదు లక్షల వరకు ఉంది.

అమలు ఎలా ఉందన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దేశంలో పరిస్థితి చూసి నివేదిక ఇవ్వమని కోర్టు అడిగింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో పనిచేసే వికలాంగుల అధ్యయన కేంద్రాన్నే. ఆ నివేదిక ఆధారంగా 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో తీర్పు వచ్చింది. అందుబాటు ప్రమాణాలను పాటించడం తప్పనిసరి అని చట్టం అంటుంటే నిబంధనలు వాటిని సలహాల స్థాయికి దించేశాయని, అది చెల్లదని కోర్టు చెప్పింది. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. మన చర్చకు ఆ తీర్పులో పనికొచ్చే విషయం మరొకటి ఉంది. ఎవరు వచ్చినా రాకపోయినా ముందే కట్టి ఉంచాల్సినవి వేరు, వచ్చిన మనిషిని బట్టి అప్పటికప్పుడు సర్దాల్సినవి వేరు. రెండూ బాధ్యతలే. మన శిబిరాల్లో మొదటిది అరకొరగా ఉంది. రెండోదాని గురించి ఆలోచన కూడా మొదలు కాలేదు.

ముందు ర్యాంపు సంగతి చూద్దాం. శిబిరాలు ఎక్కువగా జరిగేది ప్రభుత్వ బడుల్లో, మున్సిపల్ మైదానాల్లో. బడుల్లో చాలాచోట్ల ర్యాంపులున్నాయి. బడి గదులే పోలింగ్ కేంద్రాలు కావడం, అక్కడ ర్యాంపు ఉండాలని ఎన్నికల సంఘం పట్టుబట్టడం అందుకు పెద్ద కారణం. ఓటు కోసం కట్టింది కాబట్టి అది ఓటు వేసే గది గుమ్మం దగ్గర ఆగిపోతుంది. మైదానానికి, కుళాయికి, మరుగుదొడ్డికి దారి మళ్లీ మట్టీ, గుంటలూ, మెట్లే. వాలు లెక్క కూడా చాలామంది మేస్త్రీలకు ఎవరూ చెప్పరు. ప్రమాణాల ప్రకారం ఒక వంతు ఎత్తుకు 12 వంతుల పొడవు ఉండాలి. ఆరంగుళాల మెట్టు ఒక్కటి దాటాలంటే ర్యాంపు ఆరడుగులు ఉండాలి, అలాంటివి మూడు మెట్లుంటే 18 అడుగులు. మన బడుల్లో మూడు మెట్ల పక్కన ఆరేడు అడుగుల్లో సిమెంటు జారుడుబల్ల పోసి ర్యాంపు అంటున్నారు. దాని మీద పిల్లవాడు సొంతంగా కుర్చీ నడుపుకుని ఎక్కలేడు. వెనక నుంచి పెద్దమనిషి నెట్టాలి, దిగేటప్పుడు ఇంకో మనిషి పట్టుకోవాలి.

అంతకంటే పెద్ద చిక్కు మరుగుదొడ్డి. రోజంతా నడిచే శిబిరంలో ఏ పిల్లవాడు ఎంతసేపు ఉండగలడో తేల్చేది అదే. ఏదైనా బడి ఆవరణలో ఆ తలుపు దగ్గర నిలబడి, చక్రాల కుర్చీలో ఉన్న ఎనిమిదేళ్ల పిల్లవాడిని మనసులో పెట్టుకుని చూడండి. ముందు నీళ్లు నిలవకుండా కట్టిన ఎత్తు గడప. తలుపు రెండడుగుల చిల్లర, ప్రమాణం ప్రకారమైతే 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు ఉండాలి. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి కుర్చీ లోపలికి వెళ్తే తలుపు పడదు, తలుపు వేయాలంటే కుర్చీ బయటే ఉండాలి. గడియ పిల్లవాడి చేతికి అందనంత ఎత్తులో ఉంటుంది. లోపల గొంతుక్కూర్చునే దొడ్డి, అదీ ఒక గట్టు మీద. పట్టుకోవడానికి గోడకు కడ్డీ లేదు. కుళాయి వెనక గోడకుంది. నేల ఎప్పుడూ తడే.

తల్లులు దీనికి ఒక దారి కనిపెట్టారు. శిబిరానికో, పెళ్లికో, ఆసుపత్రికో వెళ్లే రోజు బిడ్డకు పొద్దున్నుంచి నీళ్లు తాగించరు. మే నెలలో, 42 డిగ్రీల ఎండలో, బిడ్డ దాహమంటే పెదవులు తడిపి ఊరుకుంటారు. ఈ మాట అందరి ముందూ చెప్పుకోరు. పక్కన కూర్చుని అడిగితే చెబుతారు. వెన్నుపూస లోపంతో పుట్టిన పిల్లల్లో చాలామంది మూడు నాలుగు గంటలకోసారి సన్నటి గొట్టంతో మూత్రం తీసుకోవాలి. అందుకు శుభ్రమైన చోటు, చేతులు కడుక్కోవడానికి సబ్బు, మూసుకునే తలుపు కావాలి. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలకు నెలసరి రోజుల్లో ఇవే కావాలి, వైకల్యం ఉన్నా లేకపోయినా. ఒక్క గదిని సరిచేస్తే ఎంతమందికి దారి దొరుకుతుందో దీన్నిబట్టి చూడవచ్చు. తలుపును బయటికి తెరుచుకునేలా మార్చడం, గోడకు రెండు కడ్డీలు బిగించడం, గడియను కిందికి దించడం, మందుల దుకాణాల్లో దొరికే కమోడ్ కుర్చీ ఒకటి కొని పెట్టడం, ఇవి టెండర్లు పిలవాల్సిన పనులు కావు. ఒక వడ్రంగి, ఒక ప్లంబరు వచ్చి చేసి వెళ్లే పనులు.

పరిస్థితి బాగా ఉన్న బడుల్లో మరో చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో బడుల బాగు కోసం చేపట్టిన నాడు-నేడు మొదటి విడతలోనే 15,715 బడులను బాగుచేశారు. నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు అందులో ముఖ్యమైన పని. తెలంగాణలో మన ఊరు-మన బడి కింద కూడా ఇలాంటి పనులు జరిగాయి. వేసవి వచ్చేసరికి ఆ గదులకు తాళం పడుతుంది. మైదానం శిబిరానికి ఇస్తారు, మరుగుదొడ్డి తాళంచెవి ఇవ్వరు. ఇవ్వకపోవడానికి కారణం దుర్మార్గం కాదు. శుభ్రం చేసే ఆయాకు సెలవుల్లో జీతం ఎవరిస్తారు, ట్యాంకు నింపే మోటారు ఎవరు వేస్తారు, ఏదన్నా పగిలితే ఎవరు కట్టాలి అన్న ప్రశ్నలకు ప్రధానోపాధ్యాయుడి దగ్గర జవాబు లేదు. ఆయన జాగ్రత్తపడి తాళం వేసి వెళ్తాడు. మగపిల్లలు గోడ చాటుకు వెళ్తారు. ఆడపిల్లలు, వికలాంగ పిల్లలు ఇంటికి వెళ్తారు. ఆ నెలన్నరకు ఆయా జీతం, నీళ్ల ఖర్చు శిబిరం బడ్జెట్లో ఒక పద్దుగా రాస్తే ఈ చిక్కు తీరుతుంది. టీషర్టులకు, ఫ్లెక్సీలకు, ముగింపు రోజు జ్ఞాపికలకు పద్దులున్నప్పుడు దీనికీ ఉండాలి.

ఎండ గురించి మన శిబిరాల్లో తగినంత ఆలోచించరు. రామగుండం, రెంటచింతల పక్కలంతా మే నెలలో ఎలా మండుతాయో అందరికీ తెలుసు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి వదిలేస్తే చాలనుకుంటారు. కొందరు పిల్లలకు ఆ రెండు గంటలూ ప్రమాదమే. వెన్నుపాము దెబ్బతిన్న పిల్లలకు ఆ దెబ్బకు కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒంటి వేడి దిగదు. మూర్ఛకు వాడే టోపిరమేట్ లాంటి మందులు కూడా చెమటను తగ్గిస్తాయి. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు ఒంట్లో నీరు తగ్గితే చాలు, భరించలేని నొప్పులు మొదలవుతాయి. చన్నీళ్ల ఈతకొలనులోకి ఒక్కసారిగా దూకినా అంతే. మన్యంలో, ఆదిలాబాద్ ఏజెన్సీలో ఈ జబ్బున్న పిల్లలు ఎంతోమంది ఉన్నారు. దీని నిర్మూలనకు 2023 జులై 1న జాతీయ మిషనే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ ప్రాంతాల ఆశ్రమ పాఠశాలల్లో శిబిరం పెట్టే వ్యాయామ ఉపాధ్యాయుడికి (పీఈటీకి) ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే, అరగంటకోసారి ఆట ఆపి అందరి చేతా నీళ్లు తాగిస్తాడు. అందరి చేతా తాగిస్తే ఏ ఒక్క పిల్లవాడినీ వేరు చేసినట్టు కాదు. చక్కెర జబ్బుతో ఇన్సులిన్ తీసుకునే పిల్లలకు ఆ మందును ముప్పై డిగ్రీలు దాటని చోట దాచాలి. ఫ్రిజ్ లేకపోతే నీడలో తడి కుండ పెట్టినా ఉపయోగం ఉంటుంది. కావాల్సింది నీడ, కుండ, ఆ కుండలో ఏముందో తెలిసిన ఒక మనిషి.

ఇన్ని సౌకర్యాలూ ఉండి, పిల్లవాడిని తెచ్చి గట్టు మీద కూర్చోబెట్టి 'నువ్వు చూస్తూ ఉండు నాన్నా' అంటే అది శిబిరంలో చోటు ఇచ్చినట్టు కాదు. ఆట మారాలి. మార్చడం మనకు కొత్తేమీ కాదు. వామనగుంటలు కళ్లు లేకుండా ఆడుకోవచ్చు. పద్నాలుగు గుంటలు, చింతగింజలు, లెక్కంతా వేళ్ల చివరే ఉంటుంది. అష్టాచెమ్మాలో గవ్వ వెల్లకిలా పడిందో బోర్లా పడిందో తడిమితే తెలిసిపోతుంది. కబడ్డీలో కూత వినపడుతూనే ఉంటుంది కాబట్టి చూపు తక్కువున్న పిల్లలకు ఎదుటివాడు ఎక్కడున్నాడో అందుతుంది. బంతికి పాలిథిన్ కవరు చుట్టి ముడివేస్తే అది దొర్లుతుంటే గరగరమని చప్పుడు వస్తుంది. అంధుల హాస్టళ్లలో పిల్లలు ఇలా క్రికెట్ ఆడుకుంటారు. అంతర్జాతీయ అంధుల క్రికెట్‌లో వాడే ప్లాస్టిక్ బంతి లోపల కూడా చప్పుడు చేసే గోళీలే ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో పుట్టిన గోల్‌బాల్‌లో బంతికి గంటలుంటాయి. అది ఆడుతుంటే చూసేవాళ్లంతా నిశ్శబ్దంగా ఉండాలి. చెవులు వినపడని పిల్లలున్న చోట విజిల్‌తోపాటు రంగు జెండా ఊపితే సరిపోతుంది. ఆటిజం ఉన్న పిల్లవాడికి మైకు హోరే పెద్ద శత్రువు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఏ పని తర్వాత ఏ పనో బొమ్మలు గీసిన అట్ట ఒకటి, హోరు భరించలేనప్పుడు పోయి కూర్చోవడానికి ఒక ప్రశాంతమైన గది ఉంటే వాడు నిలదొక్కుకుంటాడు. ఆ బొమ్మల అట్ట మిగతా చిన్నపిల్లలకూ పనికొస్తుంది.

ఇలాంటి పిల్లల మీద పెట్టే శ్రమ ఏమవుతుందని అడిగేవారికి వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి ఉంది. మేధోవైకల్యం ఉన్న పిల్ల. ఊళ్లో వెక్కిరింపులు పడింది. బడిలో పీఈటీ ఆమె పరుగు గమనించడంతో దారి మళ్లింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఉమ్మడి గుంటూరు జిల్లాకు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించి 2023కు అర్జున అవార్డు అందుకున్నాడు. వీళ్ల పేర్లు గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. పతకాలు తేని పిల్లలకూ ఆట హక్కే. 1992లో భారత్ చేరిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆడుకోవడాన్ని ప్రతి బిడ్డ హక్కుగా రాశారు, ప్రతిభను షరతుగా పెట్టలేదు.

ప్రైవేటు శిబిరాల్లో వినిపించే మాట వేరు. 'చేర్చుకుంటాం, కానీ తోడుగా మనిషిని మీరే తెచ్చుకోండి' అంటారు. ఆ మనిషి జీతం శిబిరం రుసుముకు రెండింతలవుతుంది. లేదంటే తల్లే పని మానుకుని రోజంతా గట్టు మీద కూర్చోవాలి. అదే అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం పిల్లల డే క్యాంపులకూ వర్తిస్తుంది. చేసిన సర్దుబాటు ఖర్చును ఆ ఒక్క బిడ్డ తల్లిదండ్రుల మీద అదనపు రుసుముగా వేయకూడదని అక్కడి నిబంధన. చక్కెర జబ్బు ఉందని పిల్లల్ని కాదన్న క్యాంపుల మీద అక్కడి న్యాయశాఖ చర్యలు తీసుకుని ఒప్పందాలు రాయించిన సందర్భాలున్నాయి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు క్యాంపు దరఖాస్తులో 'మీ బిడ్డకు ప్రత్యేకంగా ఏమైనా కావాలా' అన్న గడి అలవాటే. అక్కడ కూడా ఆ గడిని ఖాళీగా వదిలేసే తెలుగు తల్లిదండ్రులు ఉన్నారు. బయటపడితే బిడ్డను తక్కువగా చూస్తారని, రేపు అక్కకు సంబంధం కుదరదని, నలుగురూ అనుకుంటారని భయం. ఆ భయం మన ఊళ్లలో ఇంకా ఎక్కువ. దాన్ని పోగొట్టాలంటే అడిగే తీరు మారాలి. 'మీ బిడ్డకు ఏమైనా లోపం ఉందా' అని అడిగితే లేదనే చెబుతారు. 'మీ బిడ్డ రోజంతా హాయిగా ఉండాలంటే మేమేం చేయాలి' అని చేరే ప్రతి బిడ్డ తల్లిదండ్రులనూ అడిగితే, ఒకరు పల్లీలు పడవంటారు, ఒకరు కళ్లజోడు సంగతి చెబుతారు, ఒకరు మూర్ఛ మందు గురించి చెబుతారు. అప్పుడు ఎవరూ వేరు కారు.

భద్రత గురించి కూడా నేరుగా మాట్లాడుకోవాలి. సొంతంగా మరుగుదొడ్డికి వెళ్లలేని, జరిగింది మాటల్లో చెప్పలేని పిల్లలను పరాయి మనుషులకు అప్పగించడానికి తల్లిదండ్రులు వెనకాడటంలో తప్పులేదు. 2012 నాటి పోక్సో చట్టం ఉంది. శిబిరం గేటు దగ్గర మాత్రం పనిచేసేవాళ్లు ఎవరో, వాళ్ల వివరాలు ఎవరు సరిచూశారో చెప్పేవారుండరు. ఆడపిల్లలకు ఆడ ఆయా ఉండాలి. బట్టలు మార్చే పని, మరుగుదొడ్డి సాయం ఎవరు చేస్తారో మొదటిరోజే తల్లికి పేరు చెప్పి, మనిషిని చూపించాలి. తలుపవతల మరో పెద్దమనిషి ఉండాలి. ఈ ఏర్పాటు లేని చోట ర్యాంపులు ఎన్ని కట్టినా ఆ తల్లి బిడ్డను పంపదు, పంపకూడదు కూడా.

ప్రయాణం దగ్గర చాలామంది ఆగిపోతారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. బిడ్డను శిబిరానికి తీసుకెళ్లే తల్లికి ఇది పెద్ద ఊరట. బస్సు మెట్టు ఎత్తు మాత్రం అలాగే ఉంది. పన్నెండేళ్ల కొడుకును చంకనెత్తుకుని ఆ మెట్టు ఎక్కడం ఏ తల్లికైనా ఎన్నాళ్లు సాధ్యం? కాబట్టి జిల్లా కేంద్రంలో ఒక పెద్ద శిబిరం కంటే, ఇంటికి దగ్గరగా నాలుగు చిన్న శిబిరాలే ఈ పిల్లలకు మేలు. గ్రంథాలయాలు ఇక్కడ బాగా పనికొస్తాయి. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల్లో ఏటా వేసవి విజ్ఞాన శిబిరాలు ఉచితంగా జరుగుతున్నాయి. కథలు చెప్పించడం, చదివించడం, బొమ్మలు వేయించడం లాంటి పనులకు పరుగులు అక్కర్లేదు, ఫ్యాను కింద కూర్చునే చోటు ఉంటుంది. గుమ్మం ముందు మెట్లు సరిచేసి, బొమ్మల పుస్తకాలతోపాటు తడిమి చదివే పుస్తకాలు కొన్ని తెప్పిస్తే, ఊళ్లో అందరికంటే ముందు ఈ పిల్లలకు తలుపు తెరిచేది గ్రంథాలయమే అవుతుంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ లాంటి సంస్థలూ ఇదే పని పెద్దయెత్తున చేయగలవు. జీహెచ్‌ఎంసీ నామమాత్రపు రుసుముతో ఏటా నడిపే వేసవి శిక్షణ శిబిరాలకు నగరమంతా మైదానాలున్నాయి. ఒక్కో జోన్‌లో ముందు ఒక్క మైదానాన్ని అన్నివిధాలా సరిచేసి, ఏ మైదానమో ప్రకటనలోనే చెప్పినా చాలామందికి దారి తెలుస్తుంది. బెంగళూరు కోల్స్ పార్కులో అందరు పిల్లలూ కలిసి ఆడుకునే చోటు రావడం వెనక కిలికిలి అనే తల్లిదండ్రుల సంస్థ పట్టుదల ఉంది. మన నగరాల్లోనూ అలాంటి తల్లిదండ్రులు ఉన్నారు. శిబిరం స్థలం ఖరారు చేసే ముందు వాళ్లను పిలిచి చూపిస్తే, ఏది పనికొస్తుందో ఏది రాదో గంటలో తేల్చి చెబుతారు.

ఖర్చవుతుందని, శిక్షణ పొందిన మనుషులు లేరని అధికారులు అంటారు. ఖర్చు ఎంతో పైన చూశాం. మనుషుల సంగతికి వస్తే, సమగ్ర శిక్ష పథకం కింద ప్రతి మండలానికీ ఈ పిల్లల కోసమే పనిచేసే రిసోర్స్ టీచర్లు ఉన్నారు. ఏ ఇంట్లో ఏ బిడ్డ ఉందో, ఎవరికి ఏం కావాలో పేరుపేరునా వాళ్లకు తెలుసు. ఏప్రిల్, మే నెలలకు వాళ్లకు జీతం ఇచ్చి శిబిరాల్లో వేస్తే, పీఈటీలకు పక్కనే ఉండి నేర్పుతారు. వాళ్లను కాంట్రాక్టు మీద ఉంచి, సెలవుల్లో పని చెప్పకుండా వదిలేసి, నిపుణులు లేరనడం న్యాయం కాదు.

ప్రభుత్వ స్థలంలో శిబిరం పెట్టుకునే ఎవరికైనా, ప్రైవేటు అకాడమీలతో సహా, అనుమతి ఇచ్చేటప్పుడే ఒక షరతు పెట్టవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరో మున్సిపల్ కమిషనరో ఉత్తర్వు ఇస్తే చాలు. గేటు నుంచి మైదానానికి ఎన్ని మెట్లు, మరుగుదొడ్డి తలుపు వెడల్పు ఎంత, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, నీడ ఎక్కడ, నీళ్లు ఎక్కడ, సాయం చేసే ఆయా పేరేమిటి, వైద్యం అవసరమైతే ఏ ఆసుపత్రి ఎంత దూరం అన్నవి ఒక కాగితం మీద రాసి, నిర్వాహకుడు సంతకం చేసి, ప్రకటనతోపాటే ఇవ్వాలి. లేనిది లేదనే రాయాలి. మరుగుదొడ్డి లేదని ముందే తెలిస్తే ఆ తల్లి వేరే శిబిరం చూసుకుంటుంది. బిడ్డను ఎత్తుకుని వచ్చి, చూసి, వెనక్కి పోయే అవమానం తప్పుతుంది. కాగితంలో రాసింది అబద్ధమైతే వచ్చే ఏడాది ఆ స్థలం ఇవ్వకూడదు. ప్రకటనలు ఏప్రిల్‌లో వస్తాయి కాబట్టి ఈ ఉత్తర్వు ఫిబ్రవరిలోపే రావాలి. అప్పుడే మార్చిలో వడ్రంగిని, ప్లంబరును పిలిచే వ్యవధి ఉంటుంది.